సందు వైపు కిటికీ

ఈ ఏడు మిరుగానికి, అంటే తొలి వానల కార్తెకు ముందే మా అపార్ట్‌మెంటు వాళ్ళు అన్ని ఇళ్ళ కిటికీలూ చూసిపోవడానికి ఒక మనిషిని పెట్టారు. నడివయసు మనిషి. అల్యూమినియం తలుపులను ఒక్కొక్కటే వేలితో ఇటు జరిపి అటు జరిపి, కింది గాడిలో పేరుకున్న దుమ్మును బ్రష్షుతో తీసి, అద్దం చుట్టూ రబ్బరు ఊడిన చోట జిగురు లాంటిది పూసి, నేను టీ పెట్టించేలోగానే పని ముగించేశాడు. అతను చేతులు కడుక్కుంటూ ఉంటే నేను లేచి వెళ్ళి ప్రతి కిటికీనీ మళ్ళీ తెరిచి మూసి, పక్కన గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాను. "ఆజీ, గోడల ఏం చూస్తున్రు? పని కిటికీది గదా," అని నవ్వాడు. ఆమెకు అది అలవాటని, ఎవరింటికి పోయినా అంతేనని మా కోడలు వంటింట్లోంచే జవాబు చెప్పింది. అలవాటే. కానీ అది నాకు ఎక్కడ పట్టుకుందో మా కోడలికి నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నా ఈడు వాళ్ళెవరైనా చదువుతారేమో, వాళ్ళకైతే విడమరిచి చెప్పనక్కరలేదని ఇది రాస్తున్నాను.

నేను కుండల్‌వాడి నుంచి కోడలినై నాందేడుకు వచ్చేనాటికి మా అత్తవారి ఇల్లు పాత ఊళ్ళో, గోదావరికి పోయే దారిలో ఉండేది. వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. ముందు వసారా, తర్వాత నడిమిల్లు, దాని పక్కన వంటిల్లు, అన్నిటికన్నా వెనక ఒక చల్లటి గది. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ సందులోకి తెరుచుకునేది. సందంటే సందే, మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టడు. సందుకు అవతల వెనకింటాయన గోడ. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు తప్ప ఆ కిటికీలోకి వెలుగు రాదు, అందుకే రోహిణి ఎండల్లో ఇంటిల్లిపాదీ మధ్యాహ్నం అక్కడే చాపలు పరుచుకునేవాళ్ళం.

ఇంటి కిటికీలన్నీ టేకువి. సర్ఖని వైపు అడవి నుంచి బండ్ల మీద వచ్చిన కర్ర అని మా మామయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. రెండు రెక్కలు, నడుమ ఇనుప గజాలు, పై భాగంలో అద్దాలు, లోపల ఇత్తడి గడియ. ఇప్పటివాళ్ళకు కిటికీ అంటే అద్దం. మన రోజుల్లో కిటికీ ఇంట్లో ఒక మనిషి లాంటిది, వానాకాలం ఉబ్బి అలిగేది, ఎండాకాలం ఎండి వదులయ్యేది, చలికాలం రాత్రి గాలికి టకటకమనేది. ఏ కిటికీ ఎట్లా మూయాలో ఇంట్లోవాళ్ళకే తెలుసు. ఒకదాన్ని కొంచెం పైకెత్తి తొయ్యాలి, ఒకదాన్ని మోకాలితో అదమాలి. చుట్టాలొస్తే వాళ్ళకు రాదు, మనల్ని పిలిచేవాళ్ళు.

వాటి బాగోగులన్నీ మా అత్తమ్మవి. ఏటా మిరుగానికి ముందు పాత చీర ముక్కా, ఆముదం గిన్నే, కోడి ఈకా పట్టుకుని ముందు వసారా నుంచి మొదలుపెట్టేది. మడతబందులకు ఆముదం పూయడం, చౌకట్టును వేలి కణుపుతో తట్టి చెదలు పట్టిందేమో వినడం, అద్దం అంచున పుట్టీ రాలిన చోట కొత్తది అద్దడం, గోడకూ కర్రకూ మధ్య సందుల్లో పిండి జిగురుతో పాత క్యాలెండరు కాగితాలు అతికించడం. మామయ్య ఆమెకు కిటికీల వహం, ఒట్టి అనుమానపు పిచ్చి, పట్టుకుందని నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. కొత్త కోడలిని కనుక గిన్నె పట్టుకుని ఆమె వెంట తిరగడం నా పని.

మామయ్య అప్పటికే బట్టల దుకాణం మా ఆయనకు అప్పగించి ఇంటిపట్టున ఉంటున్నారు. ఆయనకు లోకంలో ఒకే ఒక దోస్తు, ఆ వెనకింటాయన. ఆయనది ధాన్యం దుకాణం, ఇంటి భాష మరాఠీ. కానీ ఇద్దరూ కూర్చుంటే ఒక మాట మరాఠీలో మొదలై తెలుగులో ముగిసేది, నవ్వు మాత్రం హిందీలో నవ్వుకున్నట్టుండేది. ఒకప్పుడు మామయ్యకు టైఫాయిడ్ వచ్చి నెలల తరబడి మంచం పడితే ఆయన తన దుకాణం తీయించి, మా దుకాణం కూడా తీయించి, సాయంత్రం మంచం పక్కన కూర్చుని ఆ రోజు ఊళ్ళో ఏం జరిగిందో చెప్పి పోయేవారట. ఈ సంగతి మామయ్య ఎన్నిసార్లు చెప్పారో. రోజూ సాయంత్రం ఆయన మా వసారాకు రావాల్సిందే, రాకపోతే మామయ్య టీ తాగేవారు కాదు.

నేను చెప్పబోయే ఏడు మా ఆడబిడ్డ తొలి కాన్పుకు భోకర్ నుంచి వచ్చి ఉంది. నెలలు నిండుతున్నాయి. చల్లగా ఉంటుందని వెనక గదిలో, కిటికీ కిందనే ఆమెకు మంచం వేశాము.

ఎండలు ముదిరిన ఒక ఉదయం అత్తమ్మ ఆ కిటికీ రెక్కను తీయబోతే రాలేదు. బలంగా లాగితే పళ్ళు కొరికినట్టు ఒక చప్పుడు చేసి వచ్చింది. అత్తమ్మ చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడింది. వానాకాలంలో కర్ర ఉబ్బి బిగుసుకోవడం ఎవరికైనా తెలుసు. నేల నెర్రెలిచ్చే ఎండలో, మిగతా కిటికీలన్నీ వదులై ఊగుతుంటే, ఇదొక్కటి బిగుసుకోవడం ఏమిటి?

వడ్లాయనను పిలిపించారు. ఆయన రెక్క ఊడదీసి, అంచు చిత్రిక పట్టి, మళ్ళీ బిగించి, వేలితో తోస్తే తిరిగేటట్టు చేసిపోయాడు. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత మళ్ళీ ఆ పళ్ళు కొరికే చప్పుడు. మళ్ళీ ఆయన వచ్చాడు, మళ్ళీ చిత్రిక పట్టాడు. మూడోసారి వచ్చినప్పుడు ఉలి తీయలేదు. రెక్క మూసి, పైన ఒక మూల కర్ర కర్రను ఒరుసుకుంటుంటే కింది మూల వేలు పట్టేంత సందు ఉండడం చూసి, కర్రలో ఏ దోషమూ లేదని, తనకు అర్థం కావడం లేదని చెప్పి, టీ కూడా తాగకుండా పోయాడు.

అప్పటి నుంచి అత్తమ్మ రోజూ పొద్దున లేవగానే ముందు ఆ గదిలోకి పోయేది. కిటికీ తీసేది, వేసేది. మళ్ళీ తీసేది, వేసేది. గోడ మీద అరచెయ్యి పెట్టి, చెవి దగ్గరగా ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేది. మంచం మీద కూతురు అటు తిరిగి నిద్రపోతూ ఉండేది. నాకు భయం వేసేది. నిజం చెప్పాలంటే అప్పట్లో నేను భయపడింది గోడను చూసి కాదు, అత్తమ్మను చూసి. కాన్పు ఇంట్లో ఇట్లాంటివి మంచివి కావని, ఆమెకు ఏదో సోకిందేమోనని మా అమ్మకు చెప్పాలా వద్దా అని ఆలోచించేదాన్ని.

కిటికీ చౌకట్టు మూల నుంచి గోడ మీదికి వెంట్రుక మందాన ఒక బీట పుట్టింది. అత్తమ్మ దాని మీద అడ్డంగా ఒక కాగితం ముక్క అతికించింది. మర్నాడు పొద్దున నన్ను పిలిచి చూపించింది. కాగితం నడిమికి చినిగి ఉంది, ఎవరో రెండు చేతులతో పట్టుకుని లాగినట్టు. ఇంకొకటి అతికించింది. అది ఇంకొన్నాళ్ళు ఆగి అట్లాగే చినిగింది. చౌకట్టు మీద రోజూ సన్నటి సున్నం పొడి రాలి ఉండేది. తుడిస్తే మళ్ళీ రాలేది. "దుమ్ము గాదు బిడ్డా ఇది. గోడ రాలుతున్నది," అంది అత్తమ్మ నాతో. ఆమె ఆ మాట అంత నెమ్మదిగా అనకపోయి ఉంటే నాకు అంత వణుకు పుట్టేది కాదేమో.

కారణం దొరికింది నేను డాబా మీద పాపడాలు ఎండబెట్టడానికి పోయిన రోజు. వెనకింటాయన పెరటి మీద అంతకు ముందు లేని రేకుల కప్పు కనిపించింది. దాని కింది నుంచి గాడిదలు ఒకదాని వెనక ఒకటి గోతాలు మోసుకుంటూ వెనక వాకిలి గుండా పోతున్నాయి. గోతాల నుంచి తడి కారుతోంది. కింద పడ్డ మట్టి పైనేల నల్ల మట్టి కాదు, లోతున ఉండే పచ్చటి మొరం. వెనక గదులకు నేల ఎత్తు చేయిస్తున్నానని ఆయన మా వసారాలో కూర్చుని చెప్పడం నేను అంతకు ముందే విన్నాను. కిందికి వచ్చి అత్తమ్మకు చెప్పాను. ఆమె చేతిలో చేట పక్కన పెట్టి, "నేల ఎత్తు చేసేటోళ్ళు మట్టి తెస్తరు గని తీస్కపోతరా?" అంది.

ఆ పూటే అత్తమ్మ నా ఆడబిడ్డ మంచాన్ని నడిమింట్లోకి మార్పించింది. గాలి ఆడడం లేదని ఒక సాకు చెప్పింది. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ మామయ్యతో సంగతంతా చెప్పింది. ఆయన తింటున్న కంచంలో చెయ్యి కడుక్కుని వెనకింటికి పోయారు. వచ్చేటప్పటికి ముఖం తేటగా ఉంది. పాత మురుగు మోరీ పూడిపోతే తీయిస్తున్నాడట, పిల్లల మీద ఒట్టు వేశాడట. మా గోడ జోలికే పోలేదట. "గానికి నా తోటి అబద్ధమాడే అక్కర ఏమున్నది?" అన్నారు.

ఆ రోజు నుంచి మామయ్య ఒక పని మొదలుపెట్టారు. తన పడక కుర్చీని వసారా నుంచి తీయించి వెనక గదిలో, సరిగ్గా ఆ కిటికీ కింద వేయించుకున్నారు. పొద్దంతా అక్కడే పేపరు చదవడం, అక్కడే కునుకు తీయడం. ఇంట్లో ఎవరూ ఆ గది గడప దాటడం లేదు, ఆయన మాత్రం బయటికి రారు. మా ఆయన బతిమాలారు, ఆడబిడ్డ ఏడ్చింది. "నేను లేస్తే గాడు అబద్ధమాడిండని నేనే అన్నట్టు," అన్నారు. అందులో మొండితనం ఎంతో, ప్రేమ ఎంతో ఇప్పటికీ నేను తేల్చుకోలేను. ఆ కుర్చీలోంచి లేస్తే ఆయనకు పోయేది గోడ కాదు, అంత మాత్రం తెలుసు.

ఆ ఇంట్లో ఆ రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. అందరం మామూలుగానే మాట్లాడుకుంటున్నాం, వండుకుంటున్నాం. కానీ చెవులు మాత్రం వెనక గది వైపే. గిన్నె జారి పడ్డా ఆడబిడ్డ పొట్ట పట్టుకుని లేచి కూర్చునేది. సాయంత్రం ఆ దోస్తు వసారాలోకి వస్తే మామయ్య లేచి ముందుకు వచ్చేవారు, ఇద్దరూ టీ తాగేవారు. అయితే ఆయన మా ముఖాల్లోకి చూడడం మానేశారు, నవ్వు తగ్గింది, తొందరగా లేచిపోతున్నారు. రానురాను రెండు మూడు సాయంత్రాలకు ఒకసారి వచ్చేవారు. రాని రోజు మామయ్య టీ గ్లాసు అట్లాగే చల్లారిపోయేది.

తొలి వాన ఒక పగటి పూట వచ్చింది. ముందు దుమ్ము, తర్వాత గాలి, ఆ వెనక ధారలు. అత్తమ్మా నేనూ ఎప్పటిలాగే కిటికీలు మూసుకుంటూ వెళ్ళాం. వెనక గది గడపలో ఆగాము. మామయ్య కుర్చీలో పేపరు చదువుతున్నారు. ఆయన తల మీద కిటికీ రెక్క సగం తెరిచి, ఇటూ అటూ కదలకుండా బిగుసుకుని ఉంది. గజాల మీద నుంచి నీళ్ళు లోపలికి కారుతున్నాయి. మేము చూస్తుండగానే పై అద్దం ఒక మూల నుంచి ఇంకో మూలకు టప్పున పగిలింది. ముక్కలు రాలలేదు, గీత మాత్రం పడింది. మామయ్య తలెత్తి చూసి, "గాలికి పలిగింది," అన్నారు. అప్పటికి గాలి ఆగిపోయి ఒట్టి వాన పడుతోంది.

"బయటికి రాండ్రి," అంది అత్తమ్మ.

"ఏం గాదు. నువ్వు పో."

ఆమె వెనక్కి తిరిగి నడిమింట్లోకి వచ్చింది. నేను వెంట వచ్చాను. అక్కడ ఆగి కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, నేను ఆమె నోట ఎన్నడూ వినని గొంతుతో, ఏ బెంగా లేని సంతోషపు గొంతుతో పిలిచింది.

"ఓ, ఇటు రాండ్రి. మీ దోస్తు అచ్చిండు. వానల తడుసుకుంట అచ్చిండు. మీతోటి ఏదో చెప్పాల్నట."

కుర్చీ కిర్రుమంది. మామయ్య కళ్ళజోడు చేత్తో పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మా ముందు నుంచి వసారాలోకి పోయారు. ఆ క్షణం ఆయన ముఖంలో కనిపించిన వెలుగు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. చెప్పడానికి వచ్చాడంటే తప్పు ఒప్పుకోవడానికే వచ్చాడని ఆయనకూ తెలుసన్నమాట, అన్నాళ్ళూ తెలుసన్నమాట. వసారాలో ఎవరూ లేరు. ఆయన వెనక్కి తిరిగారు. అత్తమ్మ తల వంచుకుని నిలబడి ఉంది. ఆయన నోరు తెరిచేలోగా చప్పుడైంది.

పెద్ద చప్పుడేమీ కాదు. లారీ మీద నుంచి ధాన్యం బస్తాలు ఒక్కసారిగా జారిపడితే ఎట్లా ఉంటుందో అట్లా. ఆ తర్వాత ఇంటి వెనక, ఎన్నడూ అంత వెలుగు రాని చోట, తెల్లటి వెలుగు కనిపించింది. గోడ లేదు, సందు లేదు, అవతలి గోడ కూడా సగం లేదు. కుర్చీ ఉన్న చోట ఇటుకల కుప్ప. అంత వానలోనూ దుమ్ము లేచింది.

అందరం బతికామని ఊపిరి తీసుకునేలోగా ఆ కుప్ప అవతల నుంచి వెనకింటామె కేక వినిపించింది. వాన పడుతోందని కూలీలను పంపేసి, కింద పెట్టిన సిమెంటు సంచులు తడుస్తాయని వెనకింటాయన ఒక్కరే తను తవ్విస్తున్న గోతిలోకి దిగారట. మోరీ కాదు, ఇంటి కింద సరుకు దాచుకోవడానికి తవ్విస్తున్న తలఘర్. మామయ్య ఆ మాట పూర్తిగా విన్నారో లేదో నాకు తెలియదు. కిటికీ ఉన్న చోటి నుంచే ఇటుకల మీద పడుతూ లేస్తూ అవతలికి పోయారు. మా ఆయన, వీధివాళ్ళు, పక్క దుకాణాల హమాలీలు చేరేటప్పటికి ఆయన గోతిలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తోడుతున్నారు. వేళ్ళ నుంచి రక్తం కారుతోంది. దోస్తును ప్రాణంతోనే తీశారు. కాళ్ళకు మాత్రం మళ్ళీ మామూలుగా నడవలేనంత దెబ్బ.

కొన్నాళ్ళకు ఆయనకు కాస్త తెలివి నిలిచాక అత్తమ్మా, మామయ్యా, అన్నం డబ్బా పట్టుకుని నేనూ దవాఖానకు పోయాం. ఆయన మామయ్యను చూడగానే ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. "నేను తవ్విన. నీతోటి అబద్ధమాడిన. చెప్తె నువ్వు నక్కో, తవ్వద్దు అంటవని భయపడ్డ," అన్నారు. మామయ్య కట్లు కట్టిన తన వేళ్ళను చూసుకుంటూ కూర్చున్నారు.

"నువ్వచ్చినవంటెనే లేసిన," అన్నారు చివరికి. "ఇంకెవ్వరి పేరు చెప్పినా నేను కుర్సీల కెల్లి లేసేటోన్ని గాదు."

ఆయనకు అర్థం కాలేదు. అత్తమ్మ చెప్పింది, తను ఏమని పిలిచిందో. అది విని ఆయన ఏడవడం మొదలుపెట్టారు, దుప్పటి నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా. నేను డబ్బా అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను.

ఆడబిడ్డ ఆ నెలలోనే నడిమింట్లో ఆడపిల్లను కన్నది. గోతిని రాళ్ళతో మట్టితో నింపించి, రెండు ఇళ్ళవాళ్ళూ కలిసి గోడలు లేపుకున్నారు. మొదటి సాయంత్రం ఆయన ఊతకర్రల మీద మా వసారాకు వచ్చినప్పుడు మామయ్య మామూలుగానే టీ తెమ్మన్నారు. కానీ అత్తమ్మ ఆయనతో చాలాకాలం మాట్లాడలేదు. టీ నా చేతికిచ్చి పంపేది. ఆయన అడిగినదానికి జవాబు కూడా నా ద్వారానే. మన్నించడం మగవాళ్ళకు ఒక రోజు పని, ఇల్లు కనిపెట్టుకుని ఉండేవాళ్ళకు అంత తొందరగా రాదు. తరువాతి మిరుగానికి ముందు ఆయన వసారాలో కూర్చుని, లోపలికి వినపడేటట్టు, వదిన వరస కలిపి, "వహినీ, మా ఇంట్ల కిటికీలు చూసేటోళ్ళు ఎవ్వరు లేరు," అన్నారు. అత్తమ్మ ఆ పూట కూడా టీ నా చేతికే ఇచ్చి పంపింది. మర్నాడు ఆముదం గిన్నె నాకిచ్చి, వెనక వీధి చుట్టూ తిరిగి వాళ్ళింటికి నడిచింది. అటుపైన తను నడవగలిగినన్నాళ్ళూ ఏటా రెండిళ్ళ కిటికీలూ చూసింది.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఆ రెండిళ్ళూ లేవు, ఆ చోట దుకాణాల కాంప్లెక్సు లేచింది. మేము ఊరి బయట ఈ ఫ్లాటుకు వచ్చి చాలా ఏళ్ళయింది. మా పక్క స్థలంలో ఈ మధ్య చుట్టూ ఎత్తుగా రేకులు కట్టి ఏదో తవ్విస్తున్నారు. పగలంతా మిషన్ల చప్పుడు, మంచం మీద పడుకుంటే నేల సన్నగా వణుకుతుంది. కిటికీలు మాత్రం ఎప్పటిలాగే వేలితో జరుగుతాయి, అవి ఏమీ చెప్పవు. ఎవరిదీ స్థలమని వాచ్‌మన్‌ను అడిగాను, తెలియదన్నాడు. అపార్ట్‌మెంటు వాళ్ళను అడిగాను, పుణే కంపెనీదో, ముంబై కంపెనీదో అన్నారు. ఎంత లోతు తవ్వుతారని అడిగితే, అది వాళ్ళిష్టం ఆజీ, పర్మిషన్ ఉంటుంది కదా, అన్నారు. అబద్ధమో నిజమో, మా కాలంలో అది చెప్పేందుకు ఒక మనిషి సాయంత్రం వసారాలోకి వచ్చి కూర్చునేవాడు. ఆయన కళ్ళు దించుకుంటే మనకు తెలిసేది. ఇప్పుడు ఎవరి కళ్ళలోకి చూడాలో తెలియక, రేకుల మీద కొత్త ఫ్లాట్ల ప్రకటనకని రంగుల్లో వేసిన నవ్వే కుటుంబం బొమ్మ వైపు చూసి లోపలికి వస్తుంటాను.